తల తిరుగుడు తగ్గింది, చెవి రాలేదు

మా మేనమామకు తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది. 1974 వేసవిలో ఒక తెల్లవారుజామున మంచం మీద నుంచి లేవబోయి పక్కకు ఒరిగిపోయాడు. ఇల్లంతా గిర్రున తిరిగిపోతోందన్నాడు. కడుపులో ఏమీ మిగలనంతగా వాంతులు. ఎడమ చెవి దిబ్బడ వేసినట్టుందని కూడా అన్నాడు గానీ ఆ గొడవలో ఆ మాట ఎవరి చెవినా పడలేదు. పైత్యం చేసిందన్నారు. నిమ్మరసం తాగించారు, ధనియాల కషాయం కాచారు, వీధి చివరి ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి సూది మందు వేశాడు. చెవి కోసం అమ్మమ్మ వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె గోరువెచ్చగా పోసింది. పది పన్నెండు రోజులకు గోడ పట్టుకోకుండా నడిచాడు. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్నారు, కొండకు వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చారు. ఎడమ చెవి మాత్రం మళ్ళీ వినలేదు. చివరిదాకా ఆయన కొట్టులో గల్లాపెట్టెను ఎడమ గోడకు ఆనించే కూర్చున్నాడు, బేరానికి వచ్చేవాళ్ళు కుడి పక్కనే నిలబడాలని.

నేను మైసూరులో ఆడియాలజీ చదువుకుని గుంటూరులో వినికిడి పరీక్షల గదిలో కూర్చునేనాటికి ఆయన వయసు మళ్ళింది. ఆ గదిలోకి మామయ్యలాంటివాళ్ళు వస్తూనే ఉన్నారు. నిద్ర లేచేసరికి ఒక చెవి పోయినవాళ్ళు, ఫోను ఎత్తగానే ఒక పక్క ఏమీ వినపడనివాళ్ళు. వాళ్ళలో మూడో వంతుకు అటూ ఇటూగా తల కూడా తిరుగుతుంది. అలాంటివాళ్ళు దాదాపు అందరూ నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: "తల తిరగడం తగ్గిపోయిందమ్మా, ఇక చెవి కూడా వచ్చేస్తుందిగా?" ఆ ప్రశ్నకు ఇవాళ మేం చెప్పగలిగే జవాబు ఒక్కసారిగా దొరికింది కాదు. అసలు తల తిరగడానికీ చెవికీ సంబంధం ఉందని ఒప్పుకోవడానికే వైద్యానికి పందొమ్మిదో శతాబ్దం రెండో సగం దాకా పట్టింది.

మన పాత వైద్యంలోనూ ఆ రెండూ ఒకచోట లేవు. సుశ్రుతుడు చెవి జబ్బులు 28 లెక్కపెట్టాడు. బాధిర్యం ఉంది, కర్ణనాదం ఉంది, చీము కారడం, దురద, గుబిలి గట్టిపడటం కూడా ఉన్నాయి. భ్రమ ఆ జాబితాలో లేదు. మన ఇళ్ళలో నేటికీ తల తిరిగితే పైత్యం అంటారు, లేకపోతే బీపీ అంటారు, ఈమధ్య గ్యాస్ అంటున్నారు. చెవి అని ఎవరూ అనరు.

ఐరోపాలో కూడా అప్పట్లో అంతే. తల తిరిగి, వాంతులై, మనిషి పడిపోతే మెదడుకు రక్తం ఎక్కిందని అనేవారు. చేసే వైద్యమూ దానికి తగ్గట్టే ఉండేది: నరం కోసి రక్తం తీయడం, జలగలు పట్టించడం, విరేచనాలకు మందివ్వడం. ఆ మెదడు రక్తం సంగతి మీదనే పారిస్ వైద్య అకాడమీలో వాదనలు నడుస్తున్న రోజుల్లో, 1861 జనవరి 8న, ప్రోస్పేర్ మెనియేర్ అనే పెద్దమనిషి లేచి ఒక వ్యాసం చదివాడు. ఆయన 1838 నుంచీ పారిస్‌లోని బధిరుల విద్యాసంస్థకు వైద్యుడు. చెవిటివాళ్ళ మధ్యే ఆయన జీవితం గడిచింది. తల తిరుగుతోందని వచ్చేవాళ్ళలో చాలామందికి చెవిలో హోరు ఉందనీ, వినికిడి తగ్గిందనీ గమనించినవాడు ఆయన. మెదడు వైద్యులెవరూ ఆ ప్రశ్న అడగనే లేదు.

ఆ వ్యాసంలో ఆయన చూపిన సాక్ష్యం ఒక అమ్మాయి. చలికాలం రాత్రివేళ, నెలసరి సమయంలో, గుర్రపు బండి పైకప్పు మీద కూర్చుని ప్రయాణం చేసింది. చలికి బిగుసుకుపోయింది. ఒక్కసారిగా పూర్తిగా చెవుడు వచ్చింది. షొమెల్ అనే వైద్యుని వార్డులో చేర్చారు. తల ఆగకుండా తిరిగేది, కాస్త కదిలితే చాలు వాంతి అయ్యేది. ఐదో రోజు చనిపోయింది. కోసి చూస్తే మెదడు, చిన్న మెదడు, వెన్నుపాము అన్నీ చక్కగా ఉన్నాయి. చెవి లోపల అర్ధచంద్రాకారపు నాళాల్లో మాత్రం ఎర్రటి, చిక్కటి, రక్తంలాంటి పదార్థం నిండి ఉంది. వాటి పక్కనున్న గదిలో దాని జాడ అతి కొద్దిగా కనిపించింది. వినికిడికి ఆధారమైన నత్త గుల్లలో, అంటే కాక్లియాలో, అసలు లేదు.

మెనియేర్ గాలిలో మాట్లాడలేదు. ఆయనకు ముందు, 1820లలోనే, ఫ్లూరెన్స్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పావురాల లోచెవి నాళాలను ఒక్కొక్కటీ కోసి చూశాడు. అడ్డంగా ఉండే నాళాన్ని కోస్తే పావురం తల అటూ ఇటూ ఊపింది. నిలువు నాళాలను కోస్తే కిందికీ పైకీ ఊపింది, పల్టీలు కొట్టింది. వినికిడి మాత్రం పోలేదు. కాక్లియాను చెడగొడితే ఆ ఊపులేమీ లేవు, వినికిడి పోయింది. చెవిలో వినడానికి ఒకటి, నిలబడటానికి ఒకటి, రెండు వేరు వేరు యంత్రాలున్నాయని ఆ పక్షులే చెప్పాయి. మనిషి మంచం దగ్గర ఆ మాట అన్నవాడు మెనియేర్.

తన మాట నిలిచిందో లేదో చూసుకునే వ్యవధి ఆయనకు దక్కలేదు. 1862 ఫిబ్రవరిలో న్యుమోనియాతో పోయాడు. పేరు మిగిలింది. అయితే ఆ పేరు పెట్టుకున్న జబ్బు వేరు. ఇవాళ మెనియేర్ వ్యాధి అంటే విడతలు విడతలుగా తల తిరగడం, వినికిడి తగ్గుతూ పెరుగుతూ ఉండటం, ఏళ్ళ తరబడి సాగడం. ఆ అమ్మాయిది విడతల జబ్బు కాదు, ఒక్క దెబ్బ. రక్త క్యాన్సర్ వల్ల లోచెవిలో రక్తం చిమ్మి ఉండవచ్చని తరవాతి వైద్యులు కొందరు అనుమానించారు. ఏదైనా కానీ, నా దృష్టిలో ఆమె మెనియేర్ రోగుల జాబితాలో మొదటిది కాదు. హఠాత్తుగా చెవుడు, దానితో పాటు తల తిరుగుడు వచ్చి, లోచెవిని తెరిచి చూపించిన తొలి మనుషుల్లో ఒకతె. ఆ తరవాత ఎన్నో ఏళ్ళు ఈ రెండు లక్షణాలూ కలిసి కనబడితే చాలు, మెనియేర్ అని రాసి పక్కన పెట్టేశారు. ఒకసారి వచ్చి చెవిని పట్టుకుపోయే జబ్బుకు సొంత గూడు లేకుండా పోయింది. 1938లో లండన్‌లో హాల్‌పైక్, కెయిర్న్స్, జపాన్‌లో యమకావా, ఎవరికి వారుగా మెనియేర్ రోగుల లోచెవి ఎముకలను సూక్ష్మదర్శిని కింద చూసి, అందులో నీరు ఉబ్బి పొరలు సాగిపోయి ఉన్నాయని తేల్చారు. దానితో ఆ జబ్బుకు గుర్తు దొరికింది, మిగిలినవాటిని దాని నుంచి విడదీసే వీలు వచ్చింది.

ఈ లోపల తల తిరుగుడును కొలిచే దారి కూడా ఒకటి పడింది. వియన్నాలో రాబర్ట్ బరానీ అనే చెవి డాక్టరు రోగుల చెవుల్లో పిచికారీతో నీళ్ళు కొట్టి శుభ్రం చేసేవాడు. కొందరికి తల తిరిగేది. నీళ్ళు చల్లగా ఉన్నప్పుడే తిరుగుతోందని ఒక రోగి చెప్పాడు. బాగా వేడి నీళ్ళు కొట్టినప్పుడూ తిరిగింది గానీ, కనుపాపలు కొట్టుకునే వైపు మారిపోయింది. లోచెవి ద్రవం చల్లబడితే ఒక వైపు, వేడెక్కితే ఇంకో వైపు కదులుతుందని ఆయన గ్రహించాడు. కుడి చెవినీ ఎడమ చెవినీ విడివిడిగా పరీక్షించడం అలా సాధ్యమైంది. 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు వచ్చింది. ఆ కబురు అందేసరికి ఆయన మధ్య ఆసియాలోని మెర్వ్‌లో రష్యన్ల చేతిలో యుద్ధఖైదీ. స్వీడన్ రాకుమారుడు కార్ల్ పూనుకుని విడిపిస్తే 1916లో స్టాక్‌హోమ్ వెళ్ళి అందుకున్నాడు. మా దగ్గర ఇప్పటికీ ఆ పరీక్ష చేస్తారు, 30 డిగ్రీల నీళ్ళతో ఒకసారి, 44 డిగ్రీల నీళ్ళతో ఒకసారి. శరీరపు వేడికి ఏడు కింద, ఏడు పైన. ఆ లెక్క 1942లో ఫిట్జెరాల్డ్, హాల్‌పైక్ కుదిర్చింది.

వినికిడిని కొలవడం అంతకంటే ఆలస్యమైంది. ఒక జబ్బు నయమైందో లేదో చెప్పాలంటే ముందు ఎంత పోయిందో రాసి ఉండాలి కదా. పాతకాలపు డాక్టర్లు జేబు గడియారాన్ని చెవి దగ్గర నుంచి మెల్లగా దూరం జరుపుతూ చప్పుడు ఎక్కడ ఆగిపోతుందో చూసేవారు. గుసగుసగా అంకెలు చెప్పి తిరిగి చెప్పమనేవారు. ట్యూనింగ్ ఫోర్కు ఉండనే ఉంది. 1711లో లండన్‌లో జాన్ షోర్ అనే బూరవాద్యగాడు శ్రుతి చూసుకోవడానికి చేసుకున్న ఆ రెండు కొమ్మల ఉక్కు ముక్క 1834లో వెబర్ చేతిలో, 1855లో రిన్నె చేతిలో చెవి పరీక్ష అయింది. నాకు దాని మీద చాలా గౌరవం. హఠాత్తుగా చెవి పోయిందని ఎవరొచ్చినా నేను మొదట చేసేది అదే. 512 అని చెక్కిన ఫోర్కును మోచేతి ఎముక మీద కొట్టి, మోగుతుండగానే దాని అడుగు భాగం నుదుటి నడిమధ్య ఆనిస్తాను. "శబ్దం ఎటు పక్క వినపడుతోంది?" గుబిలి అడ్డం పడో, జలుబు వల్లో మూసుకుపోయిన చెవి అయితే మోత ఆ చెవిలోకే వెళుతుంది. లోచెవి దెబ్బతింటే మోత మంచి చెవిలోకి పారిపోతుంది. నిమిషం పట్టని పని. మామయ్య నుదుటి మీద ఆ ఫోర్కు ఎవరైనా పెట్టి ఉంటే, వెల్లుల్లి నూనె చేసేదేమీ లేదని ఆ రోజే తెలిసేది.

ఆడియోమీటరు టెలిఫోను కంపెనీల ఇంట్లో పుట్టింది. 1920ల మొదట్లో అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళు అమ్మిన యంత్రంతో వినికిడి ఒక గీతగా కాగితం మీదికి వచ్చింది. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమకు నీలం ఇంటూ గుర్తులు. ఎడమ నుంచి కుడికి బొంగురు శబ్దాల నుంచి కీచు శబ్దాల దాకా. గీత పైన ఉంటే మంచి చెవి, కిందికి జారితే చెవుడు. ఈ గీత ఉండబట్టే హఠాత్తు చెవుడుకు ఒక కొలత పెట్టగలిగాం: 72 గంటలలోపు, పక్కపక్కనున్న మూడు స్థాయిల్లో కనీసం 30 డెసిబెల్స్ పడిపోవడం.

1944లో డచ్ వైద్యుడు ద క్లైన్ ఇలాంటి రోగులను ఒకచోట చేర్చి వ్యాసం రాశాడు. పైకి ఆరోగ్యంగా కనిపించేవాళ్ళలో ఎనిమిదో నరం వ్యవస్థ హఠాత్తుగా పని మానేయడం అన్నది ఆయన పెట్టిన పేరు. వినికిడి ఒక్కటే కాకుండా నిలకడ కూడా ఆ నరానిదే కాబట్టి ఆయన రెంటినీ కలిపే చూశాడు. తరవాతి ముప్పై ఏళ్ళూ కారణాల మీద వాదనలు నడిచాయి, రక్తనాళం మూసుకుపోవడమని కొందరు, వైరస్ అని కొందరు. ఆ వాదన ఇంకా తెగలేదు. రోగికి కావలసిన లెక్క మాత్రం 1970ల తరవాతే వచ్చింది.

1977లో మాటాక్స్, సిమన్స్ 88 మంది రోగులను గమనించి, మందులతో సంబంధం లేకుండానే 65 శాతం మందికి పనికొచ్చే మేరకు వినికిడి తిరిగి వచ్చిందని రాశారు. అది విని సంతోషపడాలి. అయితే తల తిరిగినవాళ్ళు, అందులోనూ గీత కుడివైపు బాగా కిందికి జారినవాళ్ళు, ఆ అదృష్టంలో వెనకబడ్డారు. 1980లో విల్సన్, బిల్, లెయర్డ్ స్టెరాయిడ్ మాత్రలనూ ఉత్తుత్తి మాత్రలనూ పోల్చారు. మందు తీసుకున్నవాళ్ళలో 61 శాతం, తీసుకోనివాళ్ళలో 32 శాతం కోలుకున్నారు. వాళ్ళలో ఒకరైన బిల్ ఎనిమిదేళ్ళ పాటు 225 మందిని వెంబడించి 1984లో ఒక పట్టిక ఇచ్చాడు. చెవుడు ఎంత లోతు, తల తిరిగిందా లేదా, వయసు పదిహేనులోపా అరవై దాటిందా, రక్తంలో ఈఎస్‌ఆర్ ఎంత, గీత ఆకారం ఏమిటి, ఎన్ని రోజులకు డాక్టరు దగ్గరకు వచ్చారు. ఇవి చూసి చెవి వస్తుందో రాదో అంచనా కట్టవచ్చన్నాడు. తరవాత ఎన్నో దేశాల్లో ఎంతోమంది లెక్కలు తీశారు. మొత్తం మీద అదే వరస: తల తిరుగుడుతో వచ్చిన చెవుడు కోలుకోవడం కష్టం.

ఎందుకని? కణత ఎముక లోపల కాక్లియా, నిలకడ నాళాలు రెండూ ఒకే బావి నీళ్ళు తాగే రెండిళ్ళు. ఒకే ద్రవంలో మునిగి ఉంటాయి, ఒకే సన్నటి ధమని రెంటికీ రక్తం తెస్తుంది, దానికి ప్రత్యామ్నాయపు దారి లేదు. చెవుడు ఒక్కటే వస్తే దెబ్బ కాక్లియా దగ్గర ఆగిందని ఆశపడవచ్చు. తల కూడా తిరిగితే దెబ్బ పెద్దది, లోచెవి అంతా తగిలింది. ఇంకో సంగతి కూడా ఉంది. నిలకడ అవయవాలకు ఆనుకుని ఉండేది కాక్లియా మొదటి చుట్టు. కీచు శబ్దాలు పట్టేది ఆ చుట్టే. అందుకే తల తిరిగినవాళ్ళ గీత తరచుగా కుడివైపు జారిపోతుంది. ఆ భాగమే తిరిగి కోలుకోవడంలో బద్ధకం చూపేది.

ఇంత చెప్పాక కూడా ఇది తీర్పు కాదు. తల విపరీతంగా తిరిగి, గీత అడుగుకు పడిపోయి, మూడు వారాల్లో మామూలైపోయినవాళ్ళు నా ఫైళ్ళలో ఉన్నారు. అసలు తల తిరగకుండా వచ్చి ఆ చెవిని శాశ్వతంగా పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఇక ఆ ప్రశ్న. తల తిరగడం తగ్గింది కదా, చెవి రాదా? తగ్గింది నిజమే, కానీ చాలామందిలో తగ్గించింది చెవి కాదు, మెదడు. ఒక పక్క నిలకడ యంత్రం ఆగిపోతే మొదటి రోజుల్లో రెండు పక్కల కబుర్లూ పొంతన కుదరక లోకం తిరుగుతుంది. కళ్ళు, కాళ్ళు, రెండో చెవి పంపే కబుర్లను మెదడు మళ్ళీ సరిచూసుకుని, చచ్చిపోయిన పక్కను లెక్కలోంచి తీసేసి, కొన్ని వారాల్లో మనిషిని నిలబెడుతుంది. నాళం కోలుకోకపోయినా నడక కోలుకుంటుంది. ఈ సంగతి 1940లలో ఇంగ్లండులో కాథోర్న్ అనే చెవి సర్జన్, కుక్సీ అనే డాక్టరు పట్టుకున్నారు. తలకు దెబ్బలు తగిలినవాళ్ళను పడుకోబెట్టి ఉంచడం మాని, కళ్ళు తిప్పించి, తల ఊపించి, లేపి కూర్చోబెట్టి, బంతి విసిరించి, మెట్లెక్కించారు. తల తిరిగినా సరే కదలమన్నారు. కదిలినవాళ్ళు ముందు లేచారు. మన దగ్గర ఇప్పటికీ తల తిరుగుడు మాత్రలు నెలల తరబడి మింగుతూ మంచం దిగనివాళ్ళు వస్తుంటారు. మొదటి రెండు మూడు రోజులకు ఆ మాత్రలు మేలే, తరవాత అవే మెదడు పనికి అడ్డం పడతాయి.

వినికిడికి అలాంటి బదులు మనిషి లేడు. మన ఒక్కో కాక్లియాలో శబ్దాన్ని పట్టే రోమకణాలు పుట్టుకతో పదిహేను వేల చిల్లర. పోయినవి మళ్ళీ మొలవవు. పక్షులకు మొలుస్తాయి. 1980ల చివర కోడిపిల్లల చెవుల్లో అవి తిరిగి పుట్టడం చూసి శాస్త్రజ్ఞులు నిర్ఘాంతపోయారు. మనకు అలా మొలిపించే మందు కోసం ఇంకా వెతుకుతున్నారు. అందుకే కొత్తగా చెవి పోయిన మనిషికి ఉన్న గడువంతా మొదటి రోజుల్లోనే. స్టెరాయిడ్ మొదలుపెట్టడానికి మొదటి రెండు వారాలు ముఖ్యం. షుగరు ఉన్నవాళ్ళు మాత్రలకు భయపడితే కర్ణభేరి దాటించి మధ్యచెవిలోకే సూదితో మందు ఇస్తారు. 2011లో అమెరికాలో 250 మంది మీద పోల్చి చూస్తే మాత్రలకు అది తీసిపోలేదు. స్టెరాయిడ్ అందరికీ పనిచేస్తుందని నేను అనను, ఈ మధ్య దాని మీద సందేహాలు పెరిగాయి కూడా. అయినా, తల తిరుగుడు తగ్గేదాకా ఆగి చూద్దామని ఇంట్లో కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. అలా దాటిపోయినవాళ్ళే నా దగ్గరకు ఎక్కువ వస్తారు, అదే నా బాధ.

ఆలస్యంలో ఇంకో ప్రమాదం ఉంది. చెవి ధమని పుట్టేది చిన్న మెదడుకు రక్తమిచ్చే ఒక ధమని నుంచి. ఆ పెద్ద ధమని మూసుకుంటే పక్షవాతానికి ముందు చెవుడు, తల తిరుగుడు కలిసి రావచ్చు. చెవుడు ఉంది కాబట్టి ఇది చెవి జబ్బేనని ధైర్యం చెప్పడం ఒకప్పటి అలవాటు. ఇప్పుడు కళ్ళ కదలికలు చూసి తేల్చే పరీక్షలో కొత్తగా వచ్చిన చెవుడును కూడా ప్రమాద సూచనల్లో చేర్చారు. మాట తడబడినా, రెండుగా కనిపించినా, నిలబడలేకపోయినా చెవి డాక్టరు కంటే ముందు మెదడు డాక్టరు చూడాలి.

ఇప్పుడు తలను చటుక్కున పక్కకు తిప్పి, కళ్ళజోడులో బిగించిన కెమెరాతో కనుపాప ఎటు జారిందో చూసే పరికరాలు వచ్చాయి. దాని మూలం 1988లో సిడ్నీలో హల్మాజీ, కర్తోయ్స్ కనిపెట్టిన చేతి పరీక్ష. మూడు నాళాల్లో ఏది దెబ్బతిన్నదో వాటితో విడివిడిగా తెలుస్తుంది. వెనక నాళం, కాక్లియా ఒకే కొమ్మ నుంచి రక్తం తాగుతాయి గనక ఆ రెండూ కలిసి పోవడం తరచుగా కనిపిస్తోంది. చెవి పోయినవాళ్ళ పరీక్ష చీటీ మీద నేను ఇప్పుడు తల తిరిగిందా అని మాత్రమే రాసి ఊరుకోను. చెవి కంటే ముందు తిరిగిందా, తరవాతా, ఎన్ని గంటలు, పడుకుని ఎటు ఒత్తిగిలితే ఎక్కువైంది, ఇవన్నీ అడిగి గీత పక్కనే రాస్తాను. మందు పూర్తయ్యాక ఒక గీత, ఆరు నెలల్లోపు ఇంకో గీత తీయించుకోమంటాను. రెండో గీతకు సగం మంది రారు, నడవగలుగుతున్నాం కదా అని.